టీబీ ఉందని ఆరు నెలలు కాలేజీకి రావద్దంటే
అన్నా, టీబీ అని తెలియగానే మీ చెల్లెను ఆరు నెలలు సెలవు పెట్టమని నల్లగొండలో కాలేజీ వాళ్లు నోటిమాటగా చెప్పారన్నారు కదా, ముందు ఆ ముక్క కాగితం మీద రాసివ్వమనండి, సగం దూకుడు అక్కడే తగ్గుతుంది. మందుల కోర్సు ఆరు నెలలే గానీ, మందులకు లొంగే మామూలు టీబీ అయితే మందులు సరిగ్గా వాడిన రెండు వారాలకే సాధారణంగా ఇతరులకు అంటుకునే ప్రమాదం బాగా తగ్గిపోతుంది. 'ఫలానా తేదీ నుంచి క్లాసులకు రావచ్చు' అని డాక్టర్‌తో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాయించండి, తేదీ మాత్రం మర్చిపోవద్దు. కాలేజీ జేఎన్టీయూ హైదరాబాద్ కిందిదైతే 75 శాతం హాజరు కావాలి, 65 దాకా మెడికల్ కింద మినహాయింపు అడగొచ్చు, అంతకన్నా తగ్గితే డిటెయినే, అంటే ఆ సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు. అయినా వినకుంటే కాలేజీలోని విద్యార్థుల ఫిర్యాదుల కమిటీకి రాయండి, యూజీసీ 2023 నిబంధనల ప్రకారం వీలైనంతవరకు 15 పనిదినాల్లో ఆ కమిటీ నివేదిక ఇవ్వాలి. మీ చెల్లెకే ఓపిక లేకుంటే సెలవు పెట్టడం తప్పేం కాదు, కానీ అది తను చెప్పాలి.