డ్రైవర్ తీసేస్తే కెర్నెల్ కూలుతోంది, ఎందుకు?

ప్రశ్న: మేడమ్, నేను ఒక నెట్‌వర్క్ కార్డుకి లినక్స్ డ్రైవర్ రాస్తున్నాను. కార్డులో ఎస్ఆర్‌ఐఓవీ ఉంది, అంటే ఒకే కార్డు చాలా కార్డుల్లా కనిపించగలదు. అలాంటి నాలుగు వర్చువల్ ఫంక్షన్లు (వీఎఫ్‌లు) చేసి, ఒకటి వీఎఫ్ఐఓ (పరికరాన్ని నేరుగా వర్చువల్ మెషీన్‌కి అప్పగించే కెర్నెల్ భాగం) ద్వారా వర్చువల్ మెషీన్‌కి ఇచ్చాను. డ్రైవర్‌ని తీసేసే ఆర్ఎమ్‌మాడ్ కొడితే ఒక్కోసారి కమాండ్ అలాగే ఆగిపోతోంది. ఒక్కోసారి కెర్నెలే కూలిపోతోంది, రిజిస్టర్లలో 6బీ6బీ6బీ అని కనిపిస్తోంది. ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ లైను)తో సహా అన్నీ, తీసుకున్నవాటిని తనే వదిలే డెవ్ఎమ్‌తోనే తీసుకున్నాను. వీఎఫ్‌ల పట్టికను మాత్రం రిమూవ్‌లో (డ్రైవర్ తీసేటప్పుడు నడిచే ఫంక్షన్) నేనే కేఫ్రీ చేసి, అంటే దాని మెమరీ వదిలేసి, తర్వాత వీఎఫ్‌లను తీసేసే పీసీఐ_డిజేబుల్_ఎస్ఆర్‌ఐఓవీ పిలుస్తున్నాను. రెండు వారాలుగా ఒకటే టెన్షన్.

జవాబు: మీవి రెండు వేర్వేరు సంగతులు, అందులో మొదటిది అసలు జబ్బే కాదు. కమాండ్ ఆగినప్పుడు కంట్రోల్-సీ నొక్కి, కెర్నెల్ లాగ్ చూపే డీమెసేజ్ చూడండి. పరికరం ఇంకా వాడుకలో ఉంది, వదిలేదాకా ఈ పని ఆగుతుంది అనే హెచ్చరిక కనిపిస్తుంది. వర్చువల్ మెషీన్ చేతిలో ఉన్న వీఎఫ్‌ని వీఎఫ్ఐఓ లాక్కోదు. పది సెకన్లకోసారి వదలమని అడుగుతూ కూర్చుంటుంది. వదలకపోతే మీ ఆర్ఎమ్‌మాడ్ కూడా కూర్చోవాల్సిందే. పాత డ్రైవర్లు చూసి, వీఎఫ్ ఎవరికైనా ఇచ్చి ఉందా అని పీసీఐ_వీఎఫ్ఎస్_అసైన్డ్‌తో తనిఖీ పెడదామనుకుంటారేమో, అది చూసేది ఒక జెండాని. వీఎఫ్ఐఓ ఆ జెండా ఎత్తదు. సున్నా వచ్చిందని ధైర్యపడకండి.

ఇక కూలడం. స్లబ్ డీబగ్ (మెమరీ తప్పులు బయటపెట్టే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే, విడుదలైన మెమరీని కెర్నెల్ 6బీ బైట్లతో నింపుతుంది. అంటే మీ కోడ్ ఖాళీ చేసిన ఇంటికి వెళ్లి తలుపు తడుతోంది. డెవ్ఎమ్ చివర తీసుకున్నదాన్ని ముందు వదులుతుంది, నిజమే. కానీ ఆ వదలడం మొదలయ్యేది మీ రిమూవ్ పూర్తయ్యాకే. అందుకని రిమూవ్ నడుస్తున్నంతసేపూ ఐఆర్‌క్యూ బతికే ఉంటుంది. మీరు పట్టికను కేఫ్రీ చేశారు. తర్వాత వీఎఫ్‌లను తీసేయమన్నారు. చాలా కార్డుల్లో వీఎఫ్ డ్రైవర్ వెళ్తూ వెళ్తూ మెయిల్‌బాక్స్‌లో (వీఎఫ్ డ్రైవర్, మీ డ్రైవర్ మాట్లాడుకునే దారి) చివరి మాట ఒకటి చెప్పి పోతుంది. దానికి ఇంటరప్ట్ వస్తుంది, దాన్ని అందుకునే హ్యాండ్లర్ తర్వాత చేయాల్సిన పనిని, అంటే వర్క్‌ని, క్యూలో పెడుతుంది, వర్క్ వెళ్లి ఆ పట్టికను తెరుస్తుంది. ఒక్కోసారి మాత్రమే కూలడానికి కారణం, ఆ చివరి మాట ప్రతిసారీ ఆ సందులో పడకపోవడమే.

కాబట్టి పీసీఐ_డిజేబుల్_ఎస్ఆర్‌ఐఓవీని ముందుకు తెండి. అది తిరిగొచ్చేదాకా మెయిల్‌బాక్స్ పనిచేస్తూనే ఉండాలి, లేకపోతే వెళ్లే వీఎఫ్ జవాబు కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. ఆ తర్వాత కార్డులో ఇంటరప్ట్‌లు మూసి, డెవ్ఎమ్_ఫ్రీ_ఐఆర్‌క్యూ మీరే పిలవండి. వేరే సీపీయూ మీద నడుస్తున్న హ్యాండ్లర్ పూర్తయ్యేదాకా అది ఆగుతుంది. వర్క్‌ని ఆపే క్యాన్సిల్_వర్క్_సింక్ దాని తర్వాతే. ముందు పెడితే హ్యాండ్లర్ మళ్లీ క్యూలో వేస్తుంది. టైమర్, వర్క్ ఒకదాన్నొకటి లేపుకుంటూ ఉంటే, వర్క్ కంటే ముందు టైమర్_షట్‌డౌన్_సింక్ వాడండి. 2023లో వచ్చిన లినక్స్ 6.2 నుంచి ఉంది. దాని తర్వాత ఎవరు లేపినా ఆ టైమర్ లేవదు. పట్టిక కేఫ్రీ అన్నిటికన్నా ఆఖర్న.

మీరు అడగలేదు గానీ, డీఎమ్ఏ (కార్డు సీపీయూ ప్రమేయం లేకుండా నేరుగా మెమరీలో రాయడం) సంగతి చెప్పకుండా ఉండలేను. మీరు మెమరీ వదిలేశారని కార్డుకి తెలియదు. ఒకసారి నా డ్రైవర్ గణాంకాల బఫర్‌ని వదిలేసింది, కార్డు మాత్రం దానిలో లెక్కలు రాస్తూనే ఉంది. ఆ పేజీ ఫైల్ సిస్టమ్‌కి వెళ్లింది. క్రాష్ అక్కడ కనిపించింది కాబట్టి తప్పు మీదేనని ఆ విభాగం వాళ్లతో మూడు రోజులు పోట్లాడాను. తర్వాత తల దించుకుని క్షమాపణ రాశాను. మెమరీ తప్పులు పట్టే కేఏశాన్ ఇలాంటివి పట్టదు, అది చూసేది సీపీయూ చేసే పనిని మాత్రమే. బఫర్లు వదిలే ముందు కార్డుని రీసెట్ చేసి, దాని డీఎమ్ఏని ఆపే పీసీఐ_క్లియర్_మాస్టర్ పిలవండి. పరీక్షలప్పుడు ఐఓఎమ్ఎమ్‌యూని (కార్డు ఏ మెమరీని తాకచ్చో కాపలా కాసేది) స్ట్రిక్ట్‌లో పెట్టండి. మ్యాపింగ్ తీసేశాక కార్డు రాయబోతే అప్పటికప్పుడు లాగ్‌లో దొరికిపోతుంది.

ప్రశ్న: ఒక వర్చువల్ మెషీన్ వదిలిన వీఎఫ్‌ని ఇంకొకదానికి ఇచ్చేముందు ఎఫ్ఎల్ఆర్ రీసెట్ (ఆ ఒక్క ఫంక్షన్‌నే రీసెట్ చేసేది) చాలా?

జవాబు: సగం పనే అవుతుంది. ఎఫ్ఎల్ఆర్ ప్రతి వీఎఫ్‌లో ఉండి తీరాలని స్పెసిఫికేషనే చెబుతుంది, పూర్తి కావడానికి 100 మిల్లీసెకన్లు గడువు. కానీ పాత అతిథి కోసం మీ పీఎఫ్ (అసలు కార్డు) డ్రైవర్ దాచుకున్న మ్యాక్ చిరునామాలు, వీలాన్ ఫిల్టర్లు దానితో చెరిగిపోతాయని అనుకోవద్దు. రీసెట్ జరిగిందని కార్డు చెప్పగానే ఆ వీఎఫ్ తాలూకు ఎంట్రీలను పీఎఫ్ డ్రైవరే తుడవాలి. లేకపోతే పాతవాళ్ల ప్యాకెట్లు కొత్తవాళ్లకు చేరతాయి.