ఎల్‌ఎస్ వరమిచ్చినా సర్వర్ ఇవ్వట్లేదు!

సందేహం: మా ఆఫీసు లినక్స్ సర్వర్‌లోని ఒక ఫోల్డర్‌ను ఎన్‌ఎఫ్‌ఎస్‌తో (నెట్‌వర్క్ మీద ఫోల్డర్లు పంచుకునే పద్ధతి) అందరి మెషీన్లలో మౌంట్ చేశారు, అంటే సొంత ఫోల్డర్‌లా కనిపించేలా జోడించారు. ఫైళ్ల వివరాలు చూపే ఎల్‌ఎస్ కమాండ్ కొడితే మా గ్రూపుకు రైట్ పర్మిషన్ ఉన్నట్టే చూపిస్తోంది. ఆ గ్రూపులో నేనూ ఉన్నాను. అయినా ఫైలు సేవ్ చేయబోతే ‘పర్మిషన్ డినైడ్’. రూట్ (సర్వాధికారి) హోదాలో కమాండ్ నడిపే సుడో వాడినా అంతే. కొత్తగా చేరిన పక్క సీటు అబ్బాయికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు!

జవాబు: మీ యూజర్, గ్రూపు నంబర్లు చూపే ఐడీ కమాండ్ కొట్టి, మీరు ఎన్ని గ్రూపుల్లో ఉన్నారో లెక్కపెట్టండి. మొత్తం 17 దాటితే దొంగ దొరికినట్టే. ఎన్‌ఎఫ్‌ఎస్ మామూలు గుర్తింపు పద్ధతిలో మీ మెషీన్ ప్రతిసారీ మీ యూజర్ నంబరు, ప్రధాన గ్రూపు నంబరు, వాటితో పాటు మరో 16 గ్రూపుల నంబర్లు మాత్రమే పంపగలదు. ఆపై ఉన్నవి సర్వర్‌కు చేరనే చేరవు. మీరు సీనియర్ కాబట్టి ప్రాజెక్టుకో గ్రూపు చొప్పున పోగై ఉంటాయి. కొత్తబ్బాయికి ఆ బరువు లేదు! సర్వర్‌లో మౌంట్ అభ్యర్థనలు చూసే మౌంట్‌డీ ప్రోగ్రామ్‌కు ‘మేనేజ్ జిడ్స్’ (--manage-gids) ఆప్షన్ పెట్టమని మీ అడ్మిన్‌ను అడగండి. అప్పుడు మీ గ్రూపుల జాబితాను సర్వరే తన దగ్గర చూసుకుంటుంది.

గ్రూపులు తక్కువే ఉంటే ఐడీ ఇచ్చిన నంబర్లను సర్వర్‌లోని మీ నంబర్లతో పోల్చండి. ఈ పద్ధతిలో సర్వర్ చూసేది పేరును కాదు, నంబరును. ఇక్కడ 1001, అక్కడ 1004 అయితే సర్వర్ దృష్టిలో మీరు వేరే మనిషి.

సుడో సంగతి వేరు. రూట్ స్క్వాష్ అనే సర్వర్ సెట్టింగ్ వల్ల మీ రూట్ అక్కడికి వెళ్లేసరికి ఏ అధికారాలూ లేని ‘నోబడీ’ యూజర్ అయిపోతాడు. చిరాకేసి దాన్ని తీయించకండి. తీస్తే, ఆ షేర్‌ను మౌంట్ చేయగల ఏ మెషీన్‌లో రూట్ ఉన్నా మీ ఫైళ్లన్నీ అతని చేతిలోవే.

స్క్రిప్టులో పర్మిషన్ ముందే చూసుకునే అలవాటుంటే ఇంకో మాట. ఎల్‌ఎస్ చూపే అక్షరాలను చదివి నిర్ణయించకండి. 1995లో వచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్ మూడో వెర్షన్ నుంచి ‘ఇతను రాయొచ్చా?’ అని సర్వర్‌నే అడిగే ఏర్పాటు ఉంది. రెండో వెర్షన్‌లో అదీ లేదు, క్లయింట్ ఊహించుకోవాల్సిందే. అయినా అడిగిన క్షణానికీ రాసే క్షణానికీ మధ్య పర్మిషన్ మారొచ్చు. నేనైతే నేరుగా రాసేస్తాను, ఎర్రర్ వస్తే అప్పుడు చూసుకుంటాను. ఫైలు మూసేటప్పుడు వచ్చే ఎర్రర్‌ను కూడా వదలకండి. కోటా (మీకు కేటాయించిన డిస్క్ స్థలం) నిండిందన్న కబురు చాలాసార్లు అప్పుడే బయటపడుతుంది.