సిగ్నల్ దగ్గర ఆగిపోయే పద్మిని

చిరంజీవి బాబుకు పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. తాతగారి పద్మిని కారు నాలుగేళ్ల తర్వాత షెడ్డు దాటి రోడ్డెక్కిందని చదివి ఎంత సంతోషించానో, సిగ్నల్ పడిన ప్రతిచోటా ఆగిపోతోందని చదివి అంత బాధపడ్డాను. మెకానిక్ మూడుసార్లు వచ్చి స్లో, అంటే నిలబడి ఉన్నప్పుడు ఇంజను తిరిగే వేగం, పెంచి వెళ్లాడనీ, రెండు రోజులు బాగుండి మళ్లీ మొదటికే వస్తోందనీ, ఇప్పుడు గాలినీ పెట్రోలునూ కలిపే కార్బ్యురేటరే మార్చేయమంటున్నాడనీ రాశావు. మార్చకు నాయనా. ఆ 1089 సీసీ ఇంజనుకు సరిపడే జెట్లతో, అంటే పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రాల మరలతో, అమర్చిన సోలెక్స్ కంపెనీ కార్బ్యురేటర్ అది. దాన్ని తీసేసి బజారులో దొరికిందేదో బిగిస్తే కొత్త జబ్బును డబ్బిచ్చి తెచ్చుకోవడమే.

స్లో పెంచడం వైద్యం కాదు, జ్వరం కనబడకుండా దుప్పటి కప్పడం. బండి పరుగులో ఉన్నప్పుడు గాలి, పెట్రోలు పుష్కలంగా అందుతాయి కాబట్టి చిన్న లోపాలు బయటపడవు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసినప్పుడు ఇంజనులోకి గాలిని వదిలే తలుపు, థ్రోటిల్, దాదాపు మూసుకుపోతుంది. అప్పుడు ఇంజను బతికేది ఐడిల్ జెట్టులోని సన్నని రంధ్రం గుండా వచ్చే కాస్త పెట్రోలు మీదే. ప్లగ్గు కొంచెం బలహీనంగా ఉన్నా, ఎక్కడో కొంచెం గాలి దూరినా అక్కడే తెలిసిపోతుంది. అందుకే స్క్రూ డ్రైవర్ పట్టుకునే ముందు ఒక కాగితం తీసుకుని, బండి ఎప్పుడెప్పుడు ఆగుతోందో వారం రోజులు రాసిపెట్టు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? బ్రేకు వేసినప్పుడా, ఊరికే నిలబడి ఉన్నప్పుడా? స్విచ్చి కట్టేసినట్టు టక్కున ఆగితే కరెంటు వైపు అనుమానించు. తడబడుతూ, దగ్గుతూ ఆగితే పెట్రోలు వైపు చూడు. ఇది అన్నిసార్లూ నిజం కాకపోవచ్చు కానీ, మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

కార్బ్యురేటర్ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలా మటుకు చివరికి ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో తేలుతాయి. కాబట్టి అక్కడే మొదలుపెట్టు. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఏది ఏ సిలిండరుదో గుర్తు పెట్టుకుని, వరుసగా ఒక గుడ్డ మీద పేర్చు. ఇటుక రంగు కలిసిన గోధుమ రంగులో ఉంటే మంచిది. నల్లగా మసిబారితే పెట్రోలు ఎక్కువవుతోంది, తెల్లగా పాలిపోతే తక్కువవుతోంది. నాలుగింటిలో ఒక్కటే వేరుగా ఉంటే లోపం ఆ సిలిండరుదే, కార్బ్యురేటర్‌ది కాదు. ప్లగ్గు గ్యాపు 0.6 మిల్లీమీటర్లు పెట్టు. తర్వాత స్విచ్చి కట్టేసి, టాప్ గేరులో బండిని మెల్లగా నెడుతూ, డిస్ట్రిబ్యూటర్లో కరెంటును తెంచి కలిపే పాయింట్లు పూర్తిగా తెరుచుకునేచోట ఆపు. అక్కడ గ్యాపు 0.45కు దగ్గరగా ఉండాలి. కంటితో అంచనా వేయకు, ఫీలర్ గేజ్ (మందం రాసి ఉన్న రేకుల కొలబద్ద) పెట్టే చూడు. పాయింట్ల మీద గుంట, దానికి ఎదురుగా మొటిమ కనిపిస్తే రుద్దుతూ కూర్చోకుండా కొత్త జత వేయి, దాంతోపాటే పాయింట్ల దగ్గర నిప్పురవ్వలను అణిచే కండెన్సర్ కూడా మార్చు. చల్లగా ఉన్నంతసేపూ బాగుండి, అరగంట తిరిగాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్టయ్యే బండిలో కండెన్సర్‌నో, ప్లగ్గులకు వోల్టేజి పెంచే కాయిల్‌నో ముందు పట్టుకోవాలి.

ఇంకొకటి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం మీ పెద్దమ్మతో ఇదే మోడల్ బండిలో రాజమండ్రి నుంచి అన్నవరం బయలుదేరాను. జగ్గంపేట దాటగానే దగ్గుతూ ఆగింది. పది నిమిషాలు కూర్చుంటే మళ్లీ స్టార్టయింది. కత్తిపూడి చేరేలోపు అలా మూడుసార్లు ఆగింది. రోడ్డు పక్క షాపులో కార్బ్యురేటర్ విప్పి, కడిగి, బిగించారు. రెండు మైళ్లు పోయాక మళ్లీ అదే వరస. చివరికి టాంకులో పెట్రోలు ఉందో లేదో చూద్దామని మూత తిప్పాను. ఉస్సుమని గాలి లోపలికి లాగింది. అంతకు ముందు వారమే పాత మూత పోయిందని కొత్తది వేయించాను. దానికి గాలి రంధ్రం లేదు. పెట్రోలు తగ్గే కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రాకపోతే టాంకు నుంచి పెట్రోలు లాగే ఏసీ పంపు ఎంతసేపని లాగుతుంది? మూతను వదులుగా ఉంచి కొండ దాకా వెళ్లాం. నీ బండి ఆగిన మరుక్షణం ముందు ఆ మూత తిప్పి చెవి పెట్టు. దానికి పైసా ఖర్చు లేదు.

పెట్రోలు భాగాలు విప్పే ముందు బ్యాటరీ ఎర్త్ తీసేయి. షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉంచు. చేతికందేలా ఇసుక బక్కెట్టు పెట్టుకో. చుట్టుపక్కల ఎవరి చేతిలోనూ సిగరెట్టు ఉండకూడదు. ఇంజను తిరుగుతుండగా చూడాల్సి వస్తే బండిని ఆరుబయటికి తెచ్చుకో. మూసిన షెడ్డులో ఆ పొగ మనిషిని మగతలోకి దించి ప్రాణం తీస్తుంది.

నాలుగేళ్లు నిలబడిన పెట్రోలు జిగురుగా మారి ఉంటుంది. దాన్నంతా వంపేసి, టాంకు కడిగించి, ఫిల్టరు మార్చు. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది పాత రబ్బరు పైపులను ఉబ్బిస్తుంది, ఏసీ పంపు డయాఫ్రమ్‌ను మెత్తబరుస్తుంది, టాంకు అడుగున పేరుకున్న మడ్డిని కదిలించి ముందుకు తోస్తుంది. పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానివి వేయించు. మే నెల ఎండలో కాసేపు ఆపి స్టార్టు చేస్తే తిరగకపోవడం వేరే సంగతి. పైపులో పెట్రోలు ఆవిరై పంపుకు అందదు. పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట ఆగితే సర్దుకుంటుంది.

తర్వాత గాలి సంగతి. కార్బ్యురేటర్ అడుగున ఉండే ప్యాకింగ్ ఎండిపోయినా, నట్లు మరీ బిగించడం వల్ల అడుగు వంకరపోయినా లెక్కలో లేని గాలి దూరి మిశ్రమాన్ని పలచన చేస్తుంది. ఇంజను స్లోలో తిరుగుతుండగా చిన్న స్ప్రే సీసాతో ఆ అతుకు చుట్టూ మాత్రమే నీళ్లు చల్లు. డిస్ట్రిబ్యూటర్ మీద పడనీయకు. శబ్దం మారితే దొంగ దొరికినట్టే. కొందరు దీనికి పెట్రోలు చల్లుతారు, నువ్వు ఆ పని ఎన్నడూ చేయకు. థ్రోటిల్ తిరిగే కడ్డీని, అంటే స్పిండిల్‌ను రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపు. బాగా ఆడుతుంటే అక్కడ బుష్షులు వేయించాలి, స్క్రూలు ఎంత తిప్పినా లాభం ఉండదు.

ఇక ఐడిల్ జెట్. నువ్వు రాసిన లక్షణాలను బట్టి నా అనుమానమంతా దీని మీదే. పరుగులో బాగుండి కాలు తీయగానే చచ్చిపోతోందంటే, పైగా స్లోలో గాలికి ఎంత పెట్రోలు కలవాలో సరిచేసే మిక్చర్ స్క్రూ ఎటు తిప్పినా ఇంజను పట్టించుకోవడం లేదంటే, ఆ దారి మూసుకుపోయినట్టే. జెట్టు విప్పి ఎండకు ఎత్తి పట్టుకుని ఒక కన్ను మూసి చూడు. శుభ్రంగా ఉంటే సూదిమొనంత వెలుగు గుండ్రంగా కనిపిస్తుంది. నీ జెట్టులో అది అర్ధచంద్రంలానో, అసలు కనిపించకుండానో ఉండవచ్చు. ఆకుపచ్చ పొడి అంచుకు అతుక్కుని ఉంటుంది. కార్బ్యురేటర్ క్లీనరులో నానబెట్టి గాలి పంపుతో ఊదు. జెట్టు ఉండే రంధ్రంలోకి కూడా ఊదు, మురికి అక్కడా ఉంటుంది. తీగ మాత్రం దూర్చవద్దు. జెట్టు ఇత్తడిది, తీగ ఇనుపది. ఒక్కసారి గీరితే రంధ్రం పెద్దదై, ఆ తర్వాత జీవితాంతం పెట్రోలు ఎక్కువే తాగుతుంది.

కార్బ్యురేటర్లో పెట్రోలు మట్టం నిలబెట్టే ఫ్లోట్ ఇత్తడిదైతే చెవి దగ్గర ఊపి చూడు. లోపల పెట్రోలు గలగలమంటే దానికి చిల్లు ఉంది. చిల్లు పడిన ఫ్లోట్ మునిగిపోతుంది, పెట్రోలును ఆపే నీడిల్ వాల్వ్ మూసుకోదు, పెట్రోలు పొంగి బండి నల్లపొగతో ఆగుతుంది. బ్రేకు వేసినప్పుడే ఆగే బండిలో కూడా ఫ్లోట్ లెవెలు చూడాలి.

ఇవన్నీ అయ్యాకే స్క్రూలు. ఇంజను బాగా వేడెక్కాలి, చోక్ పూర్తిగా లోపలికి నెట్టి ఉండాలి. మిక్చర్ స్క్రూను మెల్లగా, తగిలీ తగలనట్టు చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు వదులు చేసి మొదలుపెట్టు. గట్టిగా బిగిస్తే దాని మొన మీద గాటు పడుతుంది. అక్కడి నుంచి పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ, తిప్పిన ప్రతిసారీ పది సెకన్లు ఆగి విను. ఇంజను ఎక్కడ ఎక్కువ వేగంగా, సమంగా తిరుగుతుందో అక్కడ ఆపు. తర్వాత స్లో స్క్రూతో వేగం తగ్గించు. మళ్లీ మిక్చర్, మళ్లీ స్లో. ఇప్పటి పెట్రోలుకు పాత లెక్క కన్నా పావు చుట్టు ఎక్కువ వదలవలసి రావచ్చు. డైనమో ఉన్న బండి కాబట్టి స్లోలో ఛార్జింగ్ ఎర్రలైటు మిణుకుమంటే కంగారుపడి వేగం పెంచకు, అది దాని స్వభావం.

ఒక రోజు ఒక్కటే మార్చు. మార్చాక పది కిలోమీటర్లు తిరిగి ఆ కాగితంలో రాయి. ఇన్ని చూశాక కూడా ఒక సిలిండరు కొట్టకపోతే ట్యాపెట్లు, కంప్రెషన్ చూపించాలి. అది నీ ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, ఇంజను పని తెలిసిన మనిషికి అప్పగించు.

ఆదివారం ఉదయం ఎండ ముదరకముందే జెట్టు విప్పు. మళ్లీ బిగించి స్టార్టు చేశాక నాకు ఫోను చేసి, ఫోనును బానెట్ దగ్గర పెట్టు. స్లోలో ఎలా తిరుగుతోందో ఇక్కడి నుంచే వింటాను.

ఇట్లు,
మీ పెదనాన్న