థీసిస్ మొదలుపెడుతున్న మా అమ్మడికి

అమ్మడూ,

నీ థీసిస్ టాపిక్ ఖాయమైందని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నోరు సరిగా తెరుచుకోని పేషెంట్లకు, మెలకువగా ఉండగానే ముక్కులోంచి గాలిగొట్టంలోకి శ్వాస ట్యూబ్ వేయడానికి, సన్నగా వంగే ఫైబర్‌ఆప్టిక్ స్కోప్ మేలా, నోట్లో బ్లేడు పెట్టి కెమెరాతో గొంతు చూపే వీడియో లారింగోస్కోప్ మేలా అని చూస్తావట. చాలా గర్వంగా అనిపించింది. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. మత్తు డాక్టరుగా నలభై ఏళ్లు ఇదే పని చేసిన పెద్దమ్మ ఉండగా, ముందు నాకు చెప్పాలని తోచలేదా నీకు? సరే, కోపం ఇక్కడితో వదిలేస్తున్నా.

ఎథిక్స్ కమిటీ అనుమతి, మొదటి పేషెంట్‌ను చేర్చుకునేలోపే సీటీఆర్ఐ (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్, తెలుగులో అంగీకార పత్రం మీ గైడ్ దగ్గరుండి చేయిస్తారు. ముక్కులో రక్తం రాకుండా జైలోమెటజోలిన్ చుక్కలు, గోరువెచ్చని సెలైన్‌లో మెత్తబరిచిన ట్యూబ్, తిమ్మిరి మందు లిగ్నోకెయిన్ లీన్ బాడీ వెయిట్ (కొవ్వు తీసేసిన బరువు) కిలోకు 9 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోవడం నీకు తెలిసినవే.

ఎవరిని చేర్చుకుంటావన్న దగ్గర మాత్రం జాగ్రత్త. గుట్కా నమిలి నమిలి బుగ్గలు బిగుసుకుపోయినవాళ్లు నీకు బోలెడుమంది వస్తారు. నోరు తెరిపించి గొంతు ఎంత కనిపిస్తుందో చూసి వేసే మల్లంపాటి గ్రేడ్ రాసేసి సరిపెట్టుకోకు. శేషగిరిరావు మల్లంపాటి గారు మన గుంటూరు ప్రాంతం వారే. 1985లో ఆయన వ్యాసంలో వచ్చిన పద్ధతిని ఇవాళ ప్రపంచంలో ప్రతి మత్తు డాక్టరూ వాడుతున్నారంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఆ గ్రేడ్ వేయాలంటే పేషెంట్ నోరు తెరవాలి కదా! అందుకని స్కేలు తీసుకుని పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య దూరం మిల్లీమీటర్లలో రాయి. బ్లేడు దూరని నోరు ఉన్నవాళ్లను స్టడీలోకి తీసుకోనే వద్దు. వాళ్లను చీటీ తీసి వీడియో గ్రూపులో వేయడం అన్యాయం. కపాలం అడుగు భాగం విరిగినవాళ్లనూ వదిలెయ్యి.

ఇప్పుడు అసలు సంగతి. నేను పీజీ చేసేటప్పుడు మా సీనియర్ ఒకాయనకు, గొంతు చూడకుండానే ముక్కులోంచి ట్యూబ్ వేసే బ్లైండ్ నేసల్‌లో గొప్ప చెయ్యి ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికుల ఆపరేషన్ల కోసం ఇంగ్లండ్‌లో మత్తు డాక్టర్లు మాగిల్, రోబోథమ్ సాధించిన విద్య అది. ఆయన ట్యూబ్ చివర చెవి ఆనించి, ఊపిరి చప్పుడు ఎటు గట్టిగా వినిపిస్తే అటు మెల్లగా జరిపేవారు. మేం కళ్లప్పగించి చూసేవాళ్లం. ఆ రోజు వచ్చిన రైతు నోట్లో ఒక వేలు కూడా సరిగా పట్టలేదు. స్కోప్ బీరువాలో ఉంది. తీయించి సిద్ధం చేయాలంటే టైమ్ పడుతుంది, లిస్టులో ఇంకా కేసులున్నాయి. "ఒక్కసారి చూద్దాం" అన్నారాయన. ఆ ఒక్కసారి మూడుసార్లయింది. ముక్కులో సన్నగా మొదలైన రక్తం గొంతులోకి దిగింది. అప్పుడు స్కోప్ తెమ్మన్నారు. ఐపీస్‌లో చూస్తే అంతా ఎరుపే. తుడిచి మళ్లీ పెడితే మళ్లీ ఎరుపే. రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ పడిపోతోంది. ఆ మనిషి పడుకోలేక లేచి కూర్చుని, గోళ్లు దిగేలా నా చెయ్యి పట్టుకున్నాడు. చివరికి ఈఎన్‌టీ వాళ్లు పరుగున వచ్చి, కూర్చోబెట్టే ట్రకియాస్టమీ (మెడ దగ్గర గాలిగొట్టానికి రంధ్రం) చేశారు. బతికాడు.

1967లో పీటర్ మర్ఫీ పిత్తనాళాలు చూసే స్కోప్‌ను ముక్కులోంచి పంపి తొలిసారి ట్యూబ్ వేశారు. అప్పటికీ ఇప్పటికీ స్కోప్‌కు రక్తం లేని దారి కావాలి. కష్టమని ముందే తెలిసిన కేసులో దాన్ని ఆఖరికి మిగుల్చుకోవడమే ఆ రోజు జరిగిన తప్పు.

నా భయమంతా నీ స్టాప్‌వాచ్ గురించే. ఇలాంటి థీసిస్‌లలో ఎన్ని సెకన్లలో ట్యూబ్ పడిందన్నదే ప్రధాన ఫలితంగా పెడుతుంటారు. పక్కన ఒకరు సెకన్లు లెక్కపెడుతుంటే చెయ్యి తొందరపడుతుంది, ట్యూబ్ ముక్కు లోపలి టర్బినేట్‌ను గీరుతుంది. టైమ్ రాసుకో, వద్దనను. మొదటి ప్రయత్నంలోనే పడిందా, రక్తం ఎంత వచ్చిందన్నవి దానికంటే ముందుండాలి. రక్తం గ్రేడ్ నువ్వు వేయకు, ఏ పద్ధతి వాడారో తెలియనివాళ్లతో వేయించు. ఎలా అనిపించిందని మర్నాడు వార్డుకెళ్లి పేషెంట్‌నే అడుగు.

ఎన్ని ప్రయత్నాల తర్వాత ఆపుతావో ప్రొటోకాల్‌లోనే రాయి. బ్రిటన్‌లోని డిఫికల్ట్ ఎయిర్‌వే సొసైటీ 2020లో మూడు, ఆపైన ఎక్కువ అనుభవమున్నవాళ్లతో ఇంకొకటి అంది. నువ్వు రెండుకే ఆపి సీనియర్‌కు ఇచ్చెయ్యి. ఇందులో నాతో వాదించకు. స్కోప్ మీదుగా జారే ట్యూబ్ గొంతు దగ్గర అడ్డుపడితే నెట్టొద్దు. కాస్త వెనక్కి తీసి, గడియారం ముల్లుకు ఎదురుగా 90 డిగ్రీలు తిప్పి మళ్లీ పంపు. ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ చూపే క్యాప్నోగ్రాఫ్‌లో గీత లేచేదాకా మత్తు ఎక్కించొద్దు. ఆ కాసేపూ పేషెంట్ చెయ్యి పట్టుకోవడానికి ఒక మనిషిని పెట్టు.

నైట్ డ్యూటీ దిగి స్కూటీ నడపకు తల్లీ, ఆటోలో వెళ్లు. ప్రొఫార్మా కమిటీకి ఇచ్చేముందు నాకు వాట్సాప్ చెయ్యి. రక్తం కాలమ్ పైన ఉందో, సెకన్ల కాలమ్ పైన ఉందో చూసి ఫోన్ చేస్తాను.

మీ పెద్దమ్మ