చలికాలంలో కిటికీ అద్దాల లోపలివైపు నీరు పడుతోంది, ఏం చేయాలి?

బ్రిటన్‌లో ఇది మీకు మొదటి చలికాలమనీ, రోజూ తెల్లవారేసరికి కిటికీలు చెమ్మగిల్లి నీరు చట్రం మీదికి కారుతోందనీ, తుడిచి తుడిచి విసిగిపోయామనీ రాశారు. పదకొండేళ్లుగా లీడ్స్‌లో పాత ఇటుక ఇళ్లలో అద్దెకుంటున్న అనుభవంతో చెబుతున్నాను: తుడవక తప్పదు గానీ, దానితో సమస్య తీరదు. ఆ నీరు బయటినుంచి వచ్చింది కాదు. మన పొయ్యి నుంచి, స్నానాల గది నుంచి, మన ఊపిరి నుంచి వచ్చినదే. 20 డిగ్రీల వెచ్చటి గాలి ఘనపు మీటరుకు 17 గ్రాముల నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. 5 డిగ్రీలకు చల్లబడితే 7 గ్రాములు కూడా ఇముడ్చుకోలేదు. ఆ మిగులే అద్దం మీద చుక్కలవుతుంది.

ఆరేళ్ల క్రితం జనవరిలో మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చి మూడు నెలలున్నారు. చలికి ఓర్చుకోలేక ఆమె కిటికీలన్నీ బిగించి, గాలి ఆడేందుకు చట్రం పైభాగంలో ఉంచిన సన్నటి సందులలో కూడా గుడ్డపీలికలు కుక్కారు. పొద్దున ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం, పప్పు, రాత్రి గదులను వేడిచేసే రేడియేటర్ల మీద తడిబట్టలు. ఆ ఆవిరంతా ఇంట్లోనే తిరిగేది. తిరుగు ప్రయాణానికి పెట్టె సర్దుకుంటూ ఆమె బీరువాలోంచి ఉప్పాడ పట్టుచీర తీస్తే, మడత పొడవునా నల్లటి బూజు చుక్కలు కనిపించాయి. మా పెళ్లికి కట్టుకున్న చీర అది. ఆమె ఒక్క మాటా అనకుండా, కొంగును అరచేత్తో నిమురుతూ చాలాసేపు మంచం మీద కూర్చుండిపోయారు. బీరువా జరిపి చూస్తే, దాని వెనుక బయటి గోడ నడుమెత్తు వరకు నల్లబడి ఉంది.

ఇంటి ఏజెంటుకు చెబితే, మా వంటల వల్లే ఇలా అయిందని తేల్చేశారు. ఈ మాట నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. వంట చేసుకోవడం తప్పెలా అవుతుంది? 2020 డిసెంబరులో రోచ్‌డేల్‌లో బూజు పట్టిన ఫ్లాటులో పెరిగిన రెండేళ్ల అవాబ్ ఇషాక్ చనిపోయాడు. బూజు మీద రంగు వేసుకోమని అంతకుముందు ఆ తండ్రికి చెప్పారు. బూజును యజమానులే గడువులోగా బాగుచేయించాలనే, ఆ బాబు పేరు మీద వచ్చిన చట్టం ఇంగ్లండులోని సోషల్ హౌసింగ్ ఇళ్లలో (కౌన్సిళ్లు, హౌసింగ్ సంస్థలు తక్కువ అద్దెకిచ్చే ఇళ్లు) 2025 అక్టోబరు నుంచి అమలవుతోంది.

మరుసటి ఏడాది నుంచి మేము గిన్నెల మీద మూతపెట్టి, వంటింటి తలుపు మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి వండుతున్నాము; వంటయ్యాక కూడా పావుగంట ఫ్యాను ఆపము. బట్టలను తలుపు మూసిన ఒకే గదిలో డీహ్యూమిడిఫయర్ (గాలిలోని తేమను లాగే యంత్రం) పెట్టి ఆరబెడుతున్నాము. పొద్దున్నే ఎదురెదురు కిటికీలు పది నిమిషాలు బార్లా తెరుస్తాము. గోడలు చల్లారిపోయేంత సేపు కాదు కనుక ఇల్లు మళ్లీ త్వరగానే వేడెక్కుతుంది. బీరువాను గోడకు జానెడు ఎడంగా జరిపాము. తేమ కొలిచే చిన్న మీటరు 60 శాతం దాటకుండా చూసుకుంటే చాలు, మా అద్దాలు చాలావరకు పొడిగానే ఉంటున్నాయి.

ఒకవేళ జంట అద్దాల కిటికీలో నీరు ఆ రెండు అద్దాల మధ్య పడుతుంటే మాత్రం అది మీ చేతిలో లేదు. అద్దాల అంచున సీలు పాడైందన్నమాట. ఫొటోలు జతచేసి ఇంటి యజమానికి రాతపూర్వకంగా తెలియజేసి, ఆ అద్దాలను మార్పించమని అడగండి.