నాన్న చూసింది అర నిమిషం ముక్కే

ప్రశ్న: మాది నిజామాబాద్ దగ్గర పల్లె. డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. అమ్మ బీడీలు చుడుతుంది. ఆమె మీదే ఫోన్‌తో 12 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తే కాలేజీ పోటీలో మొదటి బహుమతి, 5 వేలు వచ్చాయి. నాన్న గల్ఫ్ నుంచి అప్పులతో తిరిగొచ్చిన సంగతి అమ్మ అందులో చెప్పింది. ఆ అర నిమిషం ముక్క ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. 'ఇంటి ఇజ్జత్ బజార్ల పెట్టినవ్, అది తీసెయ్' అన్న నాన్న మళ్లీ నాతో మాట్లాడలేదు. నాకేమో దాన్ని ఫెస్టివల్స్‌కి పంపాలని, పుణెలో దర్శకత్వం చదవాలని ఉంది. ఏం చేయను?

జవాబు: మీ నాన్నగారికి సినిమా అంటేనే కోపమని మీ ఉత్తరంలో నాకెక్కడా కనిపించలేదు. ఆయన చూసింది మీ సినిమా కాదు, ఫోన్లో తిరిగిన అర నిమిషం ముక్క. అదీ ఊరంతా చూశాక. ఏజెంటు కోసం తెచ్చిన అప్పు తీరకముందే గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లను నలుగురూ ఎలా పలకరిస్తారో మీ జిల్లా అమ్మాయికి నేను చెప్పక్కర్లేదు. కొందరు పెళ్లిళ్లకు వెళ్లడం కూడా మానేస్తారు.

ఇంట్లో బంధువులెవరూ లేని పూట చూసి సినిమా మొత్తం ఆయనకు చూపించండి. ముందు క్షమాపణ చెప్పండి. తీసినందుకు కాదు, ఆయనకు చూపించకుండా హాల్లో వేసినందుకు. మధ్యలో లేచి వెళ్లిపోయినా ఆపకండి.

ఇక ఆ మాటలు తీసేయాలా? అమ్మ కష్టం అమ్మది, చెప్పుకునే హక్కు ఆమెకుంది. కాకపోతే అప్పు సంగతి నాన్నది కూడా. కూతురితో చెప్పుకున్న మాటను ముక్కూమొహం తెలియనివాళ్లు వింటారని ఆమెకు అప్పుడు తెలుసా? ఇప్పుడైనా అడగండి. వద్దంటే మారు మాట్లాడకుండా తీసేయండి. ఉంచమంటే నాన్నతో ఆమెనే మాట్లాడనివ్వండి. ఒళ్లో చాట, తునికాకును కొలతకు కోసే కత్తెర, దారం చుట్టే ఆ వేళ్లు... ఇవన్నీ ఉన్న సినిమా రెండు మాటలు పోతే పడిపోదనే నా నమ్మకం.

ఈ గొడవ తేలేదాకా యూట్యూబ్‌లో పెట్టకండి. తేలాక కూడా తొందరొద్దు, ఆన్‌లైన్‌లో ఉన్నవాటిని తీసుకోని ఫెస్టివల్స్ ఉన్నాయి. వెనకాల సినిమా పాటేదైనా వాడి ఉంటే మార్చేయండి, హక్కుల చిక్కొస్తుంది. తిరువనంతపురంలో కేరళ చలనచిత్ర అకాడమీ జరిపే డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్, ముంబైలో రెండేళ్లకోసారి జరిగే మిఫ్ (ముంబై ఇంటర్నేషనల్ ఫిల్మ్ ఫెస్టివల్) లాంటివాటి నిబంధనలు చదవండి. ఫీజు గుంజి, ఒక్క తెర మీదా వేయకుండా నెలనెలా అవార్డులు పంచే ఆన్‌లైన్ పోటీలు బోలెడున్నాయి. వాటి జోలికి పోవద్దు.

పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో దర్శకత్వం చదవాలన్నా ఏదో ఒక డిగ్రీ ఉండాలి. కాబట్టి ముందు ఇది పూర్తిచేయండి. 2024లో కేన్స్‌లో సినిమా స్కూళ్ల విద్యార్థుల విభాగం 'లా సినెఫ్'లో మొదటి బహుమతి గెలిచిన మైసూరు కుర్రాడు చిదానంద ఎస్. నాయక్ కూడా డాక్టరు చదువయ్యాకే అక్కడ చేరారు. ఈ సంగతి నాన్నకు చెప్పొచ్చు, సినిమా చూపించిన రోజే మాత్రం వద్దు.

ఆ 5 వేల గురించి ఒక మాట. బీడీలకు వెయ్యికింతని కూలీ. షూటింగ్ రోజుల్లో అమ్మ ఎన్ని తక్కువ చుట్టారో లెక్కగట్టి, ముందు ఆ డబ్బు ఆమె చేతిలో పెట్టండి. టైటిల్స్‌లో ఆమె పేరుందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఎక్కడికైనా పంపేలోపు వేయండి.