కంచికెళ్ళిన కథని వెనక్కి పిలిచే ముందు

తమ్ముడూ,

నువ్వు పంపిన రెండో భాగం నిన్న రాత్రే చదివేశాను. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డం పడతావు, అందుకే రాస్తున్నాను. మిర్చి యార్డు కూలీ కూతురు నర్సింగ్ చదువుకి రైలెక్కి వెళ్ళిపోవడంతో ముగిసిన ఆ మొదటి కథ నచ్చినంతగా ఇది నాకు నచ్చలేదు. రాయడం బాగానే రాశావు, మిర్చి యార్డులో మధ్యాహ్నప్పూట ఆ ఘాటు, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసేవాళ్ళు ముక్కుకి తుండుగుడ్డ కట్టుకుని కూడా ఆగకుండా తుమ్మడం, అన్నీ కళ్ళక్కట్టాయి గానీ, అయిపోయిన కథ మళ్ళీ ఎందుకు మొదలైందో మాత్రం చివరిదాకా తెలీలేదు. "తర్వాత ఏమైంది అని అందరూ అడుగుతున్నారక్కా" అన్నావు. అడుగుతారు మరి! నచ్చిన కథని ఎవరూ ఓ పట్టాన వదలరు. వాళ్ళడిగారని నువ్వు చెప్పాల్సిన పని లేదు.

నవ్వుకోనంటే ఒకటి చెబుతాను. డిస్నీ వాళ్ళు హాల్లో విడుదల చెయ్యకుండా నేరుగా కేసెట్లుగా, ఆ తర్వాత డీవీడీలుగా అమ్మిన రెండో భాగాలున్నాయి చూడు, కథలు రాసేవాళ్ళు అవి చూడాలి. మా పిల్లలు చిన్నప్పుడు ఇక్కడ బెజవాడలో సీడీలు అద్దెకి తెచ్చి వేసవి సెలవులంతా అవే వేసేవాళ్ళు, నేను వంటింట్లోంచి ఓ చెవి అటు పడేసి వినేదాన్ని. మంచి సినిమాలో అతుకు ఎక్కడుందో పట్టుకోవడం కష్టం. వీటిల్లో ప్రతి అతుకూ కనపడుతుంది.

'అలాద్దీన్' 1992లో వచ్చింది. చివర్లో అలాద్దీన్ మిగిలిన ఒక్క కోరికనీ దీపంలో భూతం జీనీ విడుదలకి వాడేస్తాడు, జీనీ చేతి కడియాలు ఊడిపోతాయి, లోకం చూడ్డానికి ఎగిరిపోతాడు. ఇంతకన్నా ఏం కావాలి? 1994లో దానికి 'ద రిటర్న్ ఆఫ్ జాఫర్' అని రెండోది చేశారు, డిస్నీ కార్టూన్ సినిమాల్లో నేరుగా వీడియోకి వచ్చిన మొదటి కొనసాగింపు అదే. అసలు టీవీ సీరియల్ కోసం అనుకున్న సరుకు. అందులో జీనీ ఊళ్ళన్నీ చూసేసి తిరిగొస్తాడు, శక్తులు కాస్త తగ్గాయంటాడు. మొదటి దాంట్లో జీనీకి గొంతిచ్చిన రాబిన్ విలియమ్స్ ఇందులో చెయ్యలేదు కాబట్టి గొంతు కూడా వేరే. మొదటి సినిమా ఖరీదు పెట్టి కొనిచ్చిన స్వేచ్ఛ, రెండో దాంట్లో సెలవులకి ఊరెళ్ళొచ్చినట్టు అయిపోయింది. నీ కథలో అమ్మాయి హైదరాబాదులో నర్సు ఉద్యోగం పోగొట్టుకుని గుంటూరు దిగగానే నాకు ఈ జీనీయే గుర్తొచ్చాడు.

వాళ్ళెందుకు తీశారో అర్థం చేసుకోవచ్చు. జనానికి పేరు తెలుసు, బొమ్మలు ఎలా ఉండాలో ముందే తేలిపోయింది, ప్రధాన స్టూడియో కాకుండా వేరే విభాగం తక్కువ ఖర్చులో చేసి పెడుతుంది, ఇళ్ళల్లో పిల్లలు అడుగుతారు, అమ్మానాన్నలు కొంటారు. 2007లో, డిస్నీ యానిమేషన్ బాధ్యతలు తీసుకున్న జాన్ లాసెటర్ బృందం ఆపించేదాకా అలా నడిచింది. యూనివర్సల్ వాళ్ళయితే మరీను, పిల్ల డైనోసార్లు పచ్చటి లోయకి చేరుకోవడమే 1988 నాటి 'ద ల్యాండ్ బిఫోర్ టైమ్' కథంతా, వాళ్ళు చేరుకున్నాక ఆ లోయలో 2016 దాకా ఇంకో 13 సినిమాలు తీశారు. నీకా బలవంతం లేదు కదా, నిన్నెవరూ డబ్బిచ్చి రాయమన్లేదు.

సరే, విలన్ సంగతి. 'ద లిటిల్ మెర్‌మెయిడ్'లో సముద్రపు మంత్రగత్తె ఉర్సులా చచ్చిపోయింది కదా, 2000లో వచ్చిన రెండో దాంట్లో దానికో చెల్లెలు ఊడిపడుతుంది, పేరు మోర్గానా. 'లయన్ కింగ్'లో స్కార్ పోతే, రెండో దాంట్లో వాడి కోసం పగబట్టిన జీరా అనే ఆడసింహం వస్తుంది, మొదటి సినిమాలో ఆవిడ ఊసే లేదు. నీ కథలో? కమీషన్ ఏజెంటు తమ్ముడు! పాత ప్రోనోటు పట్టుకుని హైదరాబాదు దాకా వెళ్ళాడు. చదువుతూ చదువుతూ పైకే నవ్వేశాను, ఏమనుకోకు.

కానీ ఆ మెర్‌మెయిడ్ రెండో భాగంలోనే ఒక అసలైన సంగతి ఉంది, దాన్ని సగంలో వదిలేశారని నాకు ఇప్పటికీ కోపం. కథానాయిక ఏరియల్ అనే జలకన్య, తన తండ్రి మాట కాదని సముద్రం వదిలి ఒడ్డుకొచ్చిన పిల్ల. ఇప్పుడు తనకో కూతురు. మోర్గానాకి భయపడి ఏరియల్ కోటకీ సముద్రానికీ మధ్య పెద్ద గోడ కట్టించేస్తుంది, తల్లి ఒకప్పుడు జలకన్య అన్న మాటే కూతురికి చెప్పరు, ఆ పిల్లేమో గోడ కిందనుంచి దూరి రోజూ ఈతకెళ్తుంది. తండ్రి నిషేధాన్ని ఎదిరించినామె తనే గోడ కట్టించింది! దీనికి మంత్రగత్తె చెల్లెలు ఎందుకు? తల్లీకూతుళ్ళని ఓ గదిలో కూర్చోబెట్టి మాట్లాడిస్తే సరిపోయేది. మోర్గానా రాగానే సినిమా ఏరియల్ తండ్రి త్రిశూలం వెంట పరిగెత్తింది, గోడ వెనకబడిపోయింది.

అంటే మొదటి కథ ఎవరికో ఏదో బాకీ పడి ఉండాలి, రెండో కథ అది తీర్చడానికి రావాలి. నాకు తెలిసినంతలో నిలబడ్డవి అలాంటివే. 'బాంబీ' 1942 నాటిది. మంచులో తుపాకీ పేలుతుంది, పిల్ల జింక తల్లి కోసం వెతుక్కుంటుంది, తండ్రి వచ్చి అమ్మ ఇక రాదని చెప్పి తీసుకుపోతాడు, వెంటనే వసంతం, పక్షుల పాట, జింకకి కొమ్ములొచ్చేశాయి. ఆ చలికాలం ఎలా గడిచింది? పిల్లాణ్ణి పెంచడం తెలీని ఆ తండ్రి ఏం చేశాడు? 64 ఏళ్ళ తర్వాత, 2006లో, రెండో 'బాంబీ' ఆ సందులోకే వెళ్ళింది. చివర్ని కదపలేదు. మన ఎర్రన చేసింది కూడా కథ మధ్యలో పనే, నన్నయ ఆపిన అరణ్యపర్వానికీ తిక్కన మొదలుపెట్టిన విరాటపర్వానికీ మధ్య మిగిలిన భాగాన్ని పూరించి నన్నయ పేరు మీదే పెట్టాడు, అయితే అక్కడ గ్రంథమే ఆగిపోయి ఉంది, నీ కథ ఆగలేదు, ముగిసింది, ఆ తేడా మర్చిపోకు.

ముగిసిన కథకి ఉత్తరకాండ ఉంది. పట్టాభిషేకంతో అందరూ లేచి ఇంటికెళ్ళొచ్చు, గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం అక్కడే ఆపాడు కూడా, ఉత్తరరామాయణం ఆయన కొడుకులు కాచవిభుడు, విఠలుడు రాశారు. యుద్ధం అయ్యాక సీత అగ్నిలో దిగాల్సొచ్చింది, అగ్ని సాక్ష్యం చెబితే సరిపోయిందనుకున్నారు. ఊళ్ళో జనానికి సరిపోలేదు. అనుమానం మొదటి కథలోనే ఉంది, కొత్త రాక్షసుడెవరూ పుట్టుకు రానక్కర్లేదు. 1963లో 'లవకుశ' వస్తే మా అమ్మావాళ్ళ తరం బళ్ళు కట్టుకెళ్ళి ఏడ్చింది దానికే.

ఇంకోటి చెప్పి వదిలేస్తాను. 2007లో వచ్చిన మూడో 'సిండ్రెల్లా'లో సవతి తల్లి మంత్రదండం దొరకబుచ్చుకుని కాలాన్ని వెనక్కి తిప్పుతుంది, చెప్పు తన కూతురు అనస్తేషియాకి పట్టేలా చేస్తుంది. వినడానికి నీచమైన ఎత్తు, ముగింపుని చెరిపెయ్యడమే. కానీ 1950 నాటి సినిమాలో పెద్ద పాదాల వెటకారానికి తప్ప పనికిరాని ఆ పిల్ల, పెళ్ళిపీట దాకా వచ్చి, మాయతో వచ్చిన మొగుడు నాకొద్దంటుంది. అక్కడ నేను గరిటె వదిలేసి వచ్చి కూర్చున్నాను.

ఇప్పుడు నీ మొదటి కథ తీసి చూడు. మూడో పేజీ. స్టేషన్‌కి బయల్దేరే ముందు కూతురు అమ్మ వైపు చూస్తుంది, "మెళ్ళో పసుపుతాడు మాత్రమే ఉంది" అని రాసి పక్క పేరాలోకి వెళ్ళిపోయావు. తండ్రి మూటలు మోసిన నడుం గురించి రెండు పేజీలు రాశావు, రైలు కదులుతుంటే ఆయన నోట మాట రాకపోవడం గురించి ఒక పేజీ. పుస్తెలు ఎక్కడికెళ్ళాయో తండ్రి అడగలేదు, కూతురు చూసి కూడా తల తిప్పుకుంది, నువ్వూ తిప్పుకున్నావు. నర్సింగ్ ఫీజు దేంతో కట్టారో చదివినవాళ్ళందరికీ తెలుసు.

ఏజెంటు తమ్ముణ్ణి తీసెయ్, ప్రోనోటు తీసెయ్, ఉద్యోగం మాత్రం పోనివ్వకు. మొదటి జీతం రానీ. ఆ పిల్ల తాకట్టు విడిపించడానికి వస్తే ఏమవుతుందో చూడు, రసీదు ఎవరి పేరున ఉందో, గడువు దాటిందో లేదో, అసలు అమ్మకి ఆ పుస్తెలు తిరిగి కావాలో అక్కర్లేదో. నాకైతే ఆవిడ వద్దంటుందేమో అనిపిస్తోంది, కానీ కథ నీది. పేరు పక్కన 2 అని వెయ్యకు, మొదటిది చదవనివాళ్ళకి కూడా అర్థమయ్యేలా రాయి. వచ్చే నెల పెళ్ళికి బ్రాడీపేట వస్తున్నాను, అప్పటికి ఐదారు పేజీలున్నా చాలు, భోజనాలయ్యాక కూర్చుందాం.

అక్క
విజయవాడ